కాళ్లల్ల ఆగిన మగ్గాలు

నేను ఐదో తరగతి దాంక సదువుకున్న. అటెన్క బస్సు మీద ఊరి పేరు సదువుడు, కాయిదం మీద సంతకం వెట్టుడు తప్ప అక్షరాలతోని నాకు పని వడలే. ఇప్పుడు గిది రాస్తాన. తప్పులుంటే ఏమనుకోకుండ్రి. మా బిడ్డ హన్మకొండల డిగ్రీ సదువుతాంది. అదే అన్నది, "నువ్వు నోటితోని ఎట్ల చెప్తవో అట్లనే రాయమ్మా, మంచిగ రాయాలని సూడకు" అని. అందుకే అట్లనే రాస్తాన.

మాది వరంగల్ల జంపఖానాలు నేసే వాడ. పెండ్లిల్లల్ల, మీటింగులల్ల కింద పరిస్తే అందరు కూసుంటరు సూడుండ్రి, గా మందపు దరీలు. పెద్ద జంపఖానా ఒక్కలతోని కాదు. మగ్గం గోడకాంచి గోడదాంక ఉంటది. ఇద్దరు పక్కపక్కన కూసోవాలె. కాళ్లు పెట్టుకునేతందుకు మగ్గం కింద గుంత తవ్వుతరు. ఆ గుంతల తొక్కుడు పలకలుంటయి. అవి తొక్కితే పడుగు, అంటే నిలువు పోగులు, సగం పైకి లేస్తయి, సగం కిందికి దిగుతయి, నడుమ సందులకెల్లి అడ్డపోగు తీస్కొని నాడె ఉరుకుతది. మా ఆయన కుడి దిక్కు కూసునేటోడు, నేను ఎడమ దిక్కు. ఆయన నాడె ఇసిరితే నేను అందుకునేదాన్ని, నేను ఇసిరితే ఆయన అందుకునేటోడు. పెండ్లయినకాంచి మా కాపురమంత గా మగ్గం కాడనే గడిచింది.

ఇద్దరి కాళ్లు ఒక్కపారే తొక్కాలె. ఒకలు ముందు ఒకలు ఎనుక తొక్కితే పోగు తెగుతది. మగ్గం సప్పుడుల మాట ఇనవడది. అందుకని మా ఆయన గుంతల కాలి బొటనేలుతోని నా కాలుకు తాకిచ్చేటోడు. ఒక్కపారి తాకిస్తే తొక్కుమని. రెండుపార్లు తాకిస్తే ఆగుమని. మూడుపార్లు తాకిస్తే చాయ్ పెట్టుపొమ్మని. నూలిచ్చే షావుకారి మనిషి పని సూడటానికి వచ్చి ముందట నిలవడ్డా, మా మొకాలే కనవడుతయి గని గుంతల కాళ్లు కనవడయి గదా. ఆయన మూతి బిగవట్టుకొని నేస్తాన్నట్టే ఉండేటోడు. కింద మాత్రం ఊకె గోకుతాండేటోడు. నాకు నవ్వాగకపోయేది.

ఆ బొటనేలు నా కాలును తాకుడు ఎప్పుడు బందయ్యిందో నాకు సరిగ యాదికి లేదు. ఒక దినం ఉన్నది ఇంకో దినం లేదు అన్నట్టు కాలే. ముందుగాల తప్పితప్పి తాకేది. నా కాలు అనుకొని పలకను తాకిచ్చేటోడు. నేను ఆగకుంట తొక్కితే పోగు తెగేది.

"ఏమే, రెండుపార్లు తాకిచ్చిన గదనే, ఆగవేంది?" అనేటోడు.

"నాకు తాకితే గద ఆగేది! కట్టెను గోకి పెండ్లాం అనుకుంటానవా?" అనేదాన్ని.

ఇద్దరం నవ్వేటోల్లం. గప్పుడు నవ్వినం.

మా వాడల కాళ్లు తిమ్మిరెక్కుడు అనేది కొత్త ముచ్చట గాదు. పొద్దుందాక గుంతల కాళ్లు యాలాడేసుకొని కూసుంటే ఎవ్వలికైన ఎక్కుతది. లేసి రెండడుగులేస్తే జుమ్ముజుమ్మంటది. దాన్ని మేము గుంత తిమ్మిరి అంటం. పొద్దుమూకి మా వాడల మగోల్లంత ఇంటి ముందట నిలవడి కాళ్లు నేలకేసి కొట్టుకుంటాంటరు, సూస్తే ఏదో ఆట ఆడుతాండ్లు అనుకోవాలె. ఇంగ దానికి దవాఖానకు ఎవలు పోతరు? వేప నూనె రాస్తరు. ఎండకు కాలిన ఇసుకల నడువుమంటరు. ఆయన కాళ్లు మొద్దువారుతానయంటే అందరు గదే అనుకున్నరు. నేను గూడ గదే అనుకున్న. ఇంకో పని చేసుకునేటోడైతే ఏడాది ముందుగాల్నే దవాఖానకు పోవునేమో. మాకు ఆ గుంత ఉండబట్టి తెల్వకపాయె.

అండ్ల మా ఆయన మస్తు పొడుగు మనిషి. మా వాడల అంత పొడుగు ఎవ్వలు లేరు. పదో తరగతి సదివేటప్పుడు ఒక్క ఎండకాలంల లాగులన్ని పొట్టియైనయని మా అత్త చెప్పేది. మా పెండ్లికి ఈ జోడు మగ్గం చేసింది మా వాడ మూలమీది వడ్ల తాత, కట్టెపని చేసేటోడు. మా వాడల ఏ మగ్గమైన ఆ తాత చేసిందే. మగ్గం చేసే ముందు మనిషిని కుర్చీల కూసోవెట్టి, కట్టెపుల్లతోని మోకాలుకాంచి మడిమెదాంక కొలిచేటోడు. ఆ కొలతకే గుంత తవ్విచ్చేటోడు, ఆ కొలతకే పలకలు కట్టేటోడు. మా ఆయనకు కొలిచేటప్పుడు పుల్ల సాలలే.

"ఏం కాళ్లురా నాయనా, ఒంటె కాళ్లా? ఈనికి గుంత తవ్వితే నీళ్లు వడ్తయి" అన్నడు.

"బాయి తవ్వినట్టయితది తాతా, ఇంటికి నల్లా బిల్లు తప్పుతది" అన్నడు మా ఆయన.

నేను కొత్త పెండ్లిపిల్లను, తలుపు సాటుకు నిలవడి ఇంటాన. ఎంత నవ్వొచ్చిందో. ఆ పొడుగే ఆయనను ముంచుతదని గప్పుడు ఎవలికెరుక.

ఒకపారి బజారుకు పోయి ఒక్క కాలుకే చెప్పుతోని ఇంటికొచ్చిండు. రెండోది ఎక్కడ ఊడిపోయిందో ఆయనకు తెల్వనే తెల్వది. పక్కింటి వదిన సూసి, "అన్నా, ఒక చెప్పు ఎవలికి దానమిచ్చినవు? కుంటోనికా?" అని పరాశికమాడింది. ఆయన గూడ "అవు చెల్లె, రేపు రెండోది ఇస్త" అన్నడు. గని ఇంట్లకొచ్చి మంచంల కూసోని తన కాలును తనే సూసుకుంట ఉన్నడు. 

అటెన్క కొద్ది దినాలకు ఇల్లంత ఎర్రగ అడుగులు వడ్డయి. నేను బయటికెల్లి వచ్చి సూసి గజ్జుమన్న. ఆయన వంటింట్లకు పోయి నీళ్లు తాగి మల్ల వచ్చి మగ్గం మీద కూసున్నడు. అరికాలుల సీసపెంకు దిగి ఉన్నది. "నెత్తురు కారుతాంది గదయ్యా!" అంటే, "ఎక్కడ?" అని అటిటు సూస్తాండు. నేను పెంకు పీకుతాంటే నా మొకంకెల్లి సూస్తాండు గని, నొస్తాందని అనలే. పసిపోరడు గూడ ఏడ్వాలె దానికి. ఆయన ఏడ్వలేదని నాకు ఏడుపొచ్చింది.

మా బిడ్డ కాలేజికెల్లి వచ్చి సూసి ఒక్కటే మాట అన్నది, "ఇది గుంత తిమ్మిరి గాదు. రేపు దవాఖానకు పోతానం." నేను షుగర్ అనుకున్న. మా వాడల షుగర్ ఉన్నోల్లు ఉన్నరు, వాల్ల కాళ్లు ఎట్లయితయో సూసిన. దవాఖానల నెత్తురు పరీక్ష చేస్తే షుగర్ లేదన్నరు. నాకు పానం నిమ్మలమయ్యింది. షుగర్ లేకుంటే ఏం లేనట్టే అనుకున్న.

నరాల డాక్టరమ్మ కాడికి పంపిండ్రు. కాళ్లకు వైర్లు పెట్టి కరెంటు ఇచ్చి సూస్తరు. కరెంటు ఇస్తే నరం బాగుంటే కాలు ఎగురుతదంట. మా ఆయన పండుకొని, "మేడం, కరెంటు బిల్లు మా పేరు మీద రాయకుండ్రి" అన్నడు. డాక్టరమ్మ నవ్వింది. పాదం కాడ ఇచ్చింది, ఎగరలే. పైకి ఇచ్చింది, ఎగరలే. మోకాలు దాటినంక జర కదిలింది. గప్పుడు డాక్టరమ్మ నవ్వుడు ఆపింది. 

నెత్తురు తీసి హైదరాబాద్ పంపిండ్రు. అది వచ్చేదాంక మస్తు దినాలు అయ్యింది. ఆలోపల ఆయన గోడ వట్టుకొని నడుసుడు షురూ జేసిండు. మగ్గం మీద ఒక పెద్ద జంపఖానా సగం నేసి ఉన్నది. ఎరుపు, నీలం పట్టీలు. రోజు దానికెల్లి సూసి, "కాళ్లు బాగైనంక ముందుగాల గిది దింపుదాం" అనేటోడు. నేను రోజు ఆయన కాలి బొటనేలును గిచ్చి, "తెలుస్తాందా?" అని అడిగేదాన్ని. "లే" అనేటోడు. గది తెలిస్తే సాలు, మల్ల ఇద్దరం మగ్గం ఎక్కుతం అని నా మనసుల ఉండె. నాకు ఇంకేం అక్కర లేకుండె.

రిపోర్టు వచ్చిననాడు మేము ముగ్గురం పోయినం. డాక్టరమ్మ మంచిది, కుర్చీలు ఏపిచ్చి కూసోమన్నది. ఆమె చెప్పింది నాకు అర్థమైనకాడికి రాస్తాన. అటెన్క మా బిడ్డను నాలుగైదుపార్లు అడిగి తెలుసుకున్న. తప్పైతే అది నా తెలివి తక్కువ.

ఒల్లంత కణాలతోని అయి ఉంటదంట. నరం గూడ కణమేనంట. గని ఈ కణం వేరే తీరు. దాని ఇల్లు నడుము కాడ వెన్నుల ఉంటది, దాని తోక మాత్రం కాలి బొటనేలు దాంక పోతది. ఒక్క కణమే అంత పొడుగు. ఆ పొడుగుల ఏడ అరిగినా మల్ల కట్టుకోవాలె. కట్టుకునేతందుకు కావాల్సిన సరుకు తయారు చేసేటియి చిన్నచిన్న మిషన్లు కణంల ఉంటయి. వాటిని రైబోజోములు అంటరంట. కంటికి కనవడయి. ఒక్కో కణంల లచ్చలు ఉంటయని మా బిడ్డ చెప్పింది. ఆ మిషన్లు గూడ ఎప్పటికి ఉండయి, అవి అరుగుతాంటయి, కొత్తయి చేస్తాండాలె. కణం ఇంట్ల నడిమిట్ల ఒక జాగ ఉంటదంట, ఆ జాగ పని గదే, మిషన్లను చేసుడు.

"మీ ఆయనకు పుట్టుకతోనే ఆ మిషన్లు చేసే పనిల లోపం ఉన్నదమ్మా" అన్నది డాక్టరమ్మ.

"పుట్టుకతోని ఉంటే ఇన్నేండ్లు ఎట్ల నడిచిండు మేడం? మగ్గం ఎట్ల తొక్కిండు?" అని అడిగిన. నాకు కోపమొచ్చినట్టయ్యింది. ఆమె మీద గాదు, ఎవ్వలి మీదనో.

"లోపమంటే అసలే చేయకపోవుడు కాదు. జర తక్కువ చేసుడు. వయసుల ఉన్నప్పుడు ఎట్లనో సరిపోయింది. వయసు మీదికొచ్చిన కొద్ది పాడయ్యేటియి ఎక్కువైనయి, కొత్తయి తక్కువైనయి. పొట్టి నరాలు నెట్టుకొస్తయి. పొడుగు నరానికి కొసదాంక అందాలె గదా. అందుకే ముందుగాల కాలు వేళ్లు పోయినయి."

మా ఆయన అడిగిండు, "పొడుగు మనిషికి ఇంకా జల్దిన పోతయా మేడం?"

డాక్టరమ్మ రిపోర్టు పక్కకు పెట్టింది. "గట్టిగ చెప్పలేను. చిన్నప్పుడు బొక్కలు పెరుగుతాంటే నరం గూడ వాటెంబడి సాగాలె. గప్పుడు ఆ మిషన్లు మస్తు కావాలె. మీ నరాలు ఉన్నదానితోనే అంత పొడుగు సాగినయి. వాటికి కష్టమే అయి ఉంటది. ఈ జబ్బు గురించి ఇంకా పూర్తిగ ఎవలికీ తెల్వదు."

"మందు?" అన్న నేను.

మందు లేదని ఆమె చెప్పకముందే నాకు తెలిసింది. ఆమె కండ్లు మా బిడ్డ దిక్కు పోయినయి.

పుట్టుకతోని వచ్చేది గదా, బిడ్డకు గూడ వచ్చిందేమోనని నెత్తురు తీస్తమన్నరు. ఆ రిపోర్టు వచ్చేదాంక మా ఆయన సరిగ తినలే. దానికి లేదు అని వచ్చిననాడు దవాఖాన మెట్ల మీద కూసోని ఏడ్చిండు. పెంకు దిగితే ఏడ్వనోడు. తనకు మందు లేదన్ననాడు ఏడ్వనోడు. "ఏందయ్యా, మంచి ముచ్చటకు ఏడుస్తానవు" అంటే, "ఇది పొట్టిగ పుట్టింది నీలెక్క, బతికింది" అన్నడు. పొట్టితనానికి దానికి సంబంధం లేదని బిడ్డ చెప్పవోయింది. నేను కండ్లతోనే వద్దన్న.

గని నేను రాయాల్సింది అంతకుముందు ముచ్చట. మొదటి రిపోర్టు వచ్చిననాడు ఆటోల ఇంటికి వస్తానం.  రైల్వే స్టేషన్ దాటినంక ఆయన అన్నడు, "అంటే వడ్ల తాత సచ్చిపోయినట్టు. అంతే గదా?"

మా బిడ్డకు సమజ్ గాలే. నాకు సమజ్ అయ్యింది.

వడ్ల తాత పోయినంక ఆ పని ఎవ్వలు వట్టలే. తాత కొడుకులు వేరే పనులల్లకు పోయిండ్రు. తాత పోయిన మర్నాడే మగ్గాలు ఆగలే. అన్ని నడిచినయి. ఏండ్లు నడిచినయి. తాత ఇంటెనుక పాత దూలాలు, పలకలు కుప్పవోసి ఉండె. మూలమీద ఉన్నోల్లు, పక్కపొంటి ఉన్నోల్లు వాటిని తెచ్చి తమ మగ్గాలకు ఏసుకున్నరు. వాడ కొసకు ఉన్నోల్లు పోయేసరికి కుప్ప ఒడిసింది. కొసకున్న మగ్గాలు ముందుగాల ఆగినయి. ఒకనాడు దూలం ఇరిగింది, ఇంకోనాడు పలక పాసిపోయింది. చేసేటోడు లేడు. మా ఇల్లు గూడ కొసకే. గని మా ఆయన చెయ్యి మంచిది, చిన్నచిన్న రిపేర్లు తనే చేసుకునేటోడు. తాడు కట్టుడు, మేకు కొట్టుడు. అందుకే మాది ఇన్ని దినాలు నడిచింది. కొత్త దూలం చేసుడు మాత్రం ఆయనతోని గాలే.

నేను మా బిడ్డకు ఇదంత చెప్పిన. అది ఇని, "అవునమ్మా, దగ్గర దగ్గర అట్లనే. నరం కొసకు గూడ చిన్న రిపేర్లు ఆడికాడ అయితయంట" అన్నది. మల్ల "గని పూర్తిగ అట్లనే గాదమ్మా" అన్నది. కావచ్చు. గాని మా ఇద్దరికి ఇంకో తీరుగ సమజ్ గాలే.

అయినా నేను ఊకోలే. రైబోజోములు చేసే ఆ సరుకును ప్రోటీన్ అంటరని బిడ్డ చెప్పింది, ప్రోటీన్ అంటే గుడ్లల్ల, మాంసంల ఉంటదని టీవీల ఇన్న. రోజు గుడ్లు ఉడకవెట్టి పెట్టిన. ఆదివారం ఆదివారం మేకకాళ్లు తెచ్చి పాయా కాచిన. కాళ్ల జబ్బుకు కాళ్ల సూపు మంచిదని మా వాడల అందరు అంటరు. మిరియాలు దంచి, అల్లమేసి, పొద్దుగాల పొయ్యి మీద పెడితే పగటీలి దాంక కాగేది. ఆయన గిన్నెడు తాగేటోడు. తాగినంక నేను బొటనేలు గిచ్చి అడిగేదాన్ని.

"తెలుస్తాందా?"

"ఇప్పుడే తాగిన గదనే, మోకాలు దాంకన్న దిగనియ్యి" అనేటోడు.

ఒక ఆదివారం మా బిడ్డ పొయ్యి కాడికి వచ్చి నా పక్కన కూసున్నది. "అమ్మా, బాపుకు తిండి తక్కువై గాదు" అన్నది మెల్లగ. "నూలు తక్కువ గాదమ్మా. ఇంటినిండ నూలు ఉన్నది. నేసే మగ్గాలు లేవు."

నేను గరిటె తిప్పుకుంట ఉన్న.  పాయా ఆనాడు గూడ ఆయనకు పోసిన. ఆయన గూడ తాగిండు. నేను మాత్రం ఆనాడు బొటనేలు గిచ్చలే. ఆయన కాలు సాపి పెట్టుకొని నాకెల్లి సూసిండు, మల్ల దగ్గరికి ముడుసుకున్నడు. గా ముడుసుకునుడు నాకు ఇప్పటికి కండ్లల్ల ఉన్నది.

ఒకనాడు పగటీలి ఆయన, "మగ్గమెక్కుదాం పా" అన్నడు.

"ఎట్ల ఎక్కుతవు?"

"కూసుంట. తొక్కుడు నువ్వు తొక్కు, ఇద్దరిది. చేతులున్నయి గదా నాకు. నాడె ఇసురుత. ఆ జంపఖానా దింపాలె. సగంల ఇడిచిపెట్టిన పని మొకం సూడబుద్ధి అయితలేదు."

బిడ్డ, నేను చెరో రెక్క వట్టి గుంత కాడ కూసోవెట్టినం. ఆయన కాళ్లను నేనే ఎత్తి గుంతల పెట్టిన. ఎంత బరువు. తనయి గానట్టు యాలాడినయి. నేను నడిమికి జరిగి రెండు దిక్కుల పలకలు తొక్కిన. నడుము పట్టేసింది గని చెప్పలే. ఆయన నాడె ఇసిరిండు. నేను అందుకున్న. మల్ల నేను ఇసిరిన. సప్పుడు షురూ అయ్యింది. పక్కింటి వదిన ఉరికొచ్చి గడపల నిలవడ్డది.

"ఏందన్నా, మల్ల షురూ చేసినవా?"

"నేను గాదు చెల్లె, మీ వదిననే రెండు దిక్కుల తొక్కుతాంది. నేను షావుకారి లెక్క కూసున్న" అన్నడు.

వదిన నవ్వుకుంట కండ్లు తుడుసుకున్నది. నాకు మస్తు సంబురమయ్యింది. గిట్లనే నడుస్తది అనుకున్న. కాళ్లు నావి, చేతులు ఆయనయి, ఏం తక్కువ అనుకున్న. కొన్ని దినాలు నడిచింది గూడ. ఎర్ర పట్టీ అయిపోయి నీలం పట్టీ వట్టినం.

ఆ నీలం పట్టీలనే నాడె ఆయన చేతులకెల్లి జారింది. కింద వడ్డది. నేను తీసిచ్చిన. మల్ల జారింది. "చెమట" అన్నడు. తువ్వాలతోని చేతులు తుడుసుకున్నడు. మూడోపారి నాడె ఆయన చేతులనే ఉన్నది, గని ఆయన కింద ఎతుకుతాండు. చేతిల ఉన్నదని ఆయనకు తెల్వలే.

"నీ చేతులనే ఉన్నదయ్యా" అన్న.

చెయ్యి ఎత్తి సూసుకున్నడు. వేళ్లకెల్లి, నాడెకెల్లి. కాళ్ల తర్వాత పొడుగు నరాలు చేతులయేనని డాక్టరమ్మ చెప్పి ఉండె. మేము ముగ్గురం ఇన్నం. ఇన్నంక ఎవ్వలం ఆ మాట మల్ల ఇంట్ల ఎత్తలే.

ఆయన నాడెను మగ్గం మీద పెట్టిండు. సప్పుడు లేకుంట మెల్లగ పెట్టిండు. "కత్తెర తే" అన్నడు.

"ఇంకో మూర నేస్తే అయిపోతది. నేనే ఏదో ఒకటి చేస్త."

"వద్దు. నువ్వొక్కదానివి ఎన్ని దిక్కుల తొక్కుతవు. తే."

నేను కత్తెర తెచ్చిన. ఆయన వేళ్లకు పట్టు దొరకలే, నేనే కోసిన. జంపఖానా కోసేటప్పుడు మా దాంట్ల ఒక పద్ధతి ఉంటది. పడుగును మొదలుకంట కోయరు. మగ్గానికి దువ్వెన లెక్క పన్నె ఉంటది, అండ్లకెల్లి ఒక్కొక్క పోగు పోయి ఉంటది. ఆ కొసలు మూరెడు ఇడిచిపెట్టి కోస్తరు. రేపు కొత్త పడుగు వచ్చినప్పుడు ఆ పాత కొసలకే ఒక్కొక్క పోగు అతుకుతరు. కొసలు ఉన్నన్ని దినాలు మగ్గం బతికి ఉన్నట్టు. మొదలుకంట కోసి పన్నె ఖాళీ చేస్తే ఆ మగ్గం ఇంగ ఇప్పి పెట్టేటిదే.

నాకు ఎట్ల కోయాల్నో తెల్వలే. ఇంగ నేసేటోల్లు లేరు గదా, కొసలెందుకు అనిపిచ్చింది. కత్తెర పన్నె కాడికి తీస్కపోయిన. ఆయన నా చెయ్యి మీద తన చెయ్యి ఏసిండు. అది ఆయనకు తెలిసిందో లేదో.

"కొసలు ఉండనియ్యి" అన్నడు.

మూరెడు ఇడిసి కోసిన.

ఆ జంపఖానా జర పొట్టిగ ఉంది. ఎవ్వలికి ఇయ్యలే. ఆయన మంచం మీద పరిచినం. మా ఇల్లు చిన్నది, మగ్గం ఉన్న అర్రల తప్ప మంచం పట్టది. పక్కింటి వదిన అన్నది, "వదినా, నేను అన్ననని ఏమనుకోకు. ఆ మగ్గం ఇప్పేస్తే జాగయితది, అన్నకు గాలి తగుల్తది" అని. మంచి మనసుతోనే అన్నది. నేను ఇప్పలే. గుంత మీద మాత్రం చెక్కలు పరిచినం, ఆయన గోడ వట్టుకొని నడుస్తాంటే అండ్ల వడ్తడని. చెక్కలు పరిచేటప్పుడు గుంతలకు ఒక్కపారి సూసిన. తాత కట్టిన పలకలు ఉన్నయి. ఆయన కాళ్లు పెట్టే దిక్కు ఎక్కువ అరిగి, నున్నగ, కాలు ఆకారంల గుంతవడి ఉన్నయి. కప్పినం. మంచం దాని పక్కకే ఏసినం.

ఇప్పుడు నేను ధాన్యం మార్కెట్ల బస్తాలు కుట్టుడుకు పోతాన. బిడ్డ కాలేజికి పోతాంది. పగటీలి ఆయన ఒక్కడే ఉంటాండు. పక్కింటి వదిన వచ్చి సూసి పోతాంది.

మొన్న పని జల్దిన ఒడిస్తే పొద్దువోకముందే ఇంటికొచ్చిన. తలుపు దగ్గరగ ఏసి ఉన్నది. తీసి సూస్తే ఆయన మంచంకెల్లి ముందటికి వంగి, మొకం మగ్గంల పెట్టి ఉన్నడు. పడ్డడేమో అని ఉరికిన. పడలే. పన్నెకు యాలాడుతాన్న ఆ పాత కొసలకు చెంప ఆనిచ్చి, మెల్లగ ఇటుకాంచి అటు జరుపుతాండు.

"ఏం చేస్తానవయ్యా?"

"పోగులు తెగినయేమో సూస్తాన" అన్నడు. "చేతులకు తెలుస్తలేదు. చెంపకు తెలుస్తాంది."

మొకం నరాలు పొట్టియి. వాటికి ఇంకా అందుతాంది.

"తెగినయా?" అన్న.

"అటు మూలకు రెండు తెగినయి. తర్వాత అతుకుతువుగని."

నేను బస్తాల దుమ్ముతోనే ఆయన పక్కపొంటి కూసున్న.   అటెన్క నా వేలుతోని ఆయన చెంప మీద మూడుపార్లు తాకిచ్చిన.

ఆయన కండ్లు మూసుకున్నడు. "పెట్టుపో" అన్నడు.

చాయ్ పెట్టుకొచ్చిన. గ్లాసు నేనే వట్టుకొని తాగిచ్చిన.